పులుపు లేని మంట

హోటలు వంటగదిలో పెద్దమ్మ గరిటెతో కాస్త సూప్ తీసి, ఊదుకుని, నోట్లో పోసుకుని కళ్ళు మూసుకుంది. పక్కన కోడలు ఉప్పు డబ్బా పట్టుకుని తీర్పు కోసం నిలబడింది.

"ఉప్పు ఒక పిసరు తగ్గింది," అంది పెద్దమ్మ కళ్ళు తెరిచి.

కోడలు ఒక పిసరు ఉప్పు వేసి కలిపింది. పెద్దమ్మ మళ్ళీ చూసి, ఇప్పుడు సరిపోయిందన్నట్టు తల ఊపింది. నిజానికి ఆ సూప్‌లో ఉప్పు తగ్గిందో, ఎక్కువైందో, అసలు వేశారో లేదో ఆవిడకి ఏమాత్రం తెలీదు. వేడిగా ఉందని తెలిసింది. చిక్కగా ఉందని తెలిసింది. ఇక నోట్లో సూప్ ఉన్నా ఒకటే, వేణ్ణీళ్ళున్నా ఒకటే. అబద్ధమాడితే అలా ఆడాలి మరి, కళ్ళు మూసుకుని, దర్జాగా.

వానాకాలంలో పట్టిన జ్వరం తెచ్చిన చావిది. జ్వరం పోయింది, జలుబు పోయింది, వాటి వెంటే వాసనా రుచీ కట్టగట్టుకుని పోయాయి. మొదట్లో ఆవిడ కాఫీపొడిని అనుమానించింది. కొట్టువాడితో పోట్లాడి కొట్టు మార్చింది. రెండో కొట్టు కాఫీ కూడా అలాగే ఏడిస్తే, అప్పుడు అర్థమైంది ఏడ్చింది కాఫీ కాదని. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. చేతికి కొలత తెలుసు కాబట్టి బండి ఎలాగో నడుస్తోంది.

ఒక్క వెనిగర్ మాత్రం తెలిసేది. నోట్లో పడగానే సుర్రుమని ముక్కులోకి ఎక్కేది. ఏదో ఒకటి తెలిసిందన్న ఆనందంలో పెద్దమ్మ అన్నిట్లోనూ వెనిగర్ పోయడం మొదలుపెట్టింది. సూప్‌లో ఒక మూత, మాంసం కూరలో రెండు. బల్లల మీద పెట్టే ఎర్రసీసాల్లో, అంటే తమ హోటలు పేరు నిలబెట్టిన మిరప సాస్‌లో, తనకు సుర్రుమనే దాకా పోస్తూ పోయింది. తినేవాళ్ళు మొహాలు చిట్లించుకుని సగం సగం వదిలేసి వెళ్తున్నారు. ఆ వదిలేసిన గిన్నెలు చూసి ఆవిడ గుండెల్లో రాయి పడేది. కానీ ఏం చేస్తే బాగుపడుతుందో చెప్పాల్సిన నాలుకే లేకపోతే ఏం చేస్తుంది?

గల్లాపెట్టె పక్కన కిటికీ దగ్గర ఒక కుర్చీ ఉంది. ఆవిడ అత్తగారు చివరి రోజులన్నీ ఆ కుర్చీలోనే గడిపింది. బఠానీలు ఒలుస్తూ, వచ్చేపోయేవాళ్ళకి తల ఊపుతూ. మరిచిపోయి సూప్‌లో రెండుసార్లు ఉప్పు వేసిన రోజున ఆ ముసలావిడ చేతిలో గరిటె లాక్కున్నది పెద్దమ్మే. కాబట్టి గరిటె ఎలా చేతులు మారుతుందో ఆవిడకి ఎవరూ చెప్పక్కర్లేదు. పొద్దున్న లేచిన దగ్గర్నుంచీ ఆవిడ కళ్ళు ఆ కుర్చీ మీదకి పోతూనే ఉండేవి.

ఆ రోజు మధ్యాహ్నం జనం పలచబడ్డాక ఎదురుగా కొత్తగా వెలసిన షెడ్డు నుంచి మేస్త్రీ వచ్చాడు. ఇనప సామాన్లకి మెరుగుపూత వేసే షెడ్డు అది. నడివయసు మనిషి, గోళ్ళ చుట్టూ పచ్చటి మరకలు. సూప్ తెప్పించుకుని ఒక్క చెంచా తాగి గిన్నె పక్కకి జరిపేశాడు.

"పెద్దమ్మా, షెడ్డు మొత్తానికీ రోజూ మధ్యాహ్నం భోజనం కావాలి. దగ్గర్లో ఉన్నది మీరే. కారం మాత్రం గట్టిగా ఉండాలి. వెనిగర్ పొడ కూడా తగలకూడదు."

"వెనిగర్ ఏం చేసింది నాయనా?" అంది పెద్దమ్మ, సొంత మనిషిని తిట్టినంత నొచ్చుకుని.

"మా దగ్గర అన్నీ ఆసిడ్ తొట్లే. పొద్దస్తమానం ఆ పులుపు గొంతులో గీరుతూనే ఉంటుంది. తిండిలో కూడా అదే గీరిందంటే మావాళ్ళు గిన్నెలు నెట్టేస్తారు. నాకే నెట్టెయ్యాలనిపించింది, మరోలా అనుకోకండి. రేపు వస్తాను. కుదిరితే సరే, లేదంటే ఇంకోచోట చూసుకుంటాను."

"తప్పకుండా చేస్తాం," అంది కోడలు, అత్తగారి నోరు తెరుచుకునే లోపల.

మేస్త్రీ గుమ్మం దాటాడో లేదో కోడలు మెల్లిగా అంది, "అత్తయ్యా, రేపటి వంట నేను చూసుకోనా?"

పెద్దమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. "అప్పుడే నా పొయ్యికి ఎసరు పెడుతున్నావా? ఈ చేత్తో ఎంతమందికి వండాననుకున్నావ్? కారం వెయ్యడం నువ్వు నాకు నేర్పిస్తావా? ఒక్క మిరపగింజ పంటికి తగిలితే ఎక్కిళ్ళు పెట్టే మనిషివి!"

కోడలు ముఖం మాడ్చుకుని బల్లలు తుడవడానికి వెళ్ళిపోయింది. ఆ గుడ్డ బల్లని తుడుస్తోందా, బాదుతోందా అన్నట్టుంది చప్పుడు.

అరవడమైతే అరిచింది గానీ పెద్దమ్మకి కాళ్ళూ చేతులూ ఆడలేదు. చీకట్లో తడుముకునేవాడికి చేతికర్రలా ఆవిడకి మిగిలింది ఆ వెనిగర్ ఒక్కటే. ఇప్పుడు అదీ వద్దంటున్నాడు. వంటగదిలో కాలుగాలిన పిల్లిలా తిరిగింది. డబ్బాల మూతలు తీసింది, పెట్టింది. శుభ్రంగా ఉన్న అల్మారా మళ్ళీ సర్దింది. గుమ్మం దాకా వెళ్ళి ఎదుటి షెడ్డు రేకుల మీద లేస్తున్న తెల్లటి ఆవిరిని చూసింది. వెనక్కి వచ్చి పొయ్యి వెలిగించి, దేనికి వెలిగించిందో గుర్తురాక ఆర్పేసింది.

చివరికి ఒక గిన్నెడు సూప్ తీసి దాంట్లో మిరప్పొడి దండిగా కలిపి, గల్లాపెట్టె దగ్గర కూర్చున్న భర్త ముందు పెట్టింది.

"ఎలా ఉందో చెప్పండి."

ఆయన రెండు చెంచాలు తాగి పొలమారి, దగ్గి, కళ్ళు తుడుచుకుని, "బాగుంది," అన్నాడు.

"పొడి పచ్చివాసన వస్తోందా?"

"బాగుంది."

పచ్చిమిరపకాయలు నూరి ఇంకో గిన్నెలో కలిపి తెచ్చింది. అదీ బాగుంది. పెళ్ళైన దగ్గర్నుంచీ ఆయనది అదే మాట. ఒకసారి ఉప్పు బదులు పంచదార పడ్డ కూర కూడా బాగుందనే తిన్నాడు.

"మీకు గడ్డి పెట్టినా బాగుందనే అంటారు!"

"నువ్వు పెడితే బాగానే ఉంటుంది కదే," అన్నాడాయన అమాయకంగా.

ఇంకొకప్పుడైతే నవ్వొచ్చేది. ఇప్పుడు ఏడుపొచ్చింది. గిన్నె లాక్కుని వంటగదిలోకి వచ్చేసింది.

చేతులు ఊరుకోక ఎండుమిరపకాయల సంచీ ముందేసుకుని తొడిమలు తీయడం మొదలుపెట్టింది. కాయలు తుంచి గింజలు దులుపుతూ, రేపు ఏ సాకు చెప్పి తప్పించుకోవచ్చా అని ఆలోచించింది. నడుంనొప్పి అందామా అంటే పొయ్యి కోడలిదవుతుంది. షెడ్డువాళ్ళ వంట మనకొద్దు అందామా అంటే కొడుకు ఊరుకోడు. సరుకు తేవడానికి వెళ్ళినవాడు సాయంత్రానికి వచ్చేస్తాడు, కోడలు ఈపాటికే మాట సిద్ధంగా పెట్టుకుని ఉంటుంది. ఆలోచనలో పడి ముంజేత్తో మూతి తుడుచుకుంది. కాసేపటికి కింది పెదవి చురుక్కుమంది. పగిలిందేమో అనుకుని నాలుకతో తడిమింది. నాలుక కూడా చురుక్కుమంది.

పెద్దమ్మ చేతిలో కాయ అలాగే ఉండిపోయింది.

ముక్క తుంచి నోట్లో వేసుకుని నమిలింది. ముందు ఏమీ లేదు, ఎండుటాకు నమిలినట్టుంది. ఆ తర్వాత నాలుక చివర చిన్నగా మొదలై, అంచులకి పాకి, అంగిట్లోకి ఎక్కి భగ్గుమంది. ముక్కూ కళ్ళూ కారాయి, చెవులు వేడెక్కాయి. ఆవిడ సంచీ పక్కనే కింద చతికిలబడి గట్టిగా నవ్వేసింది. వానాకాలం తర్వాత, వెనిగర్ కాకుండా, ఆవిడ నోట్లోకి ఒక పదార్థం ఫలానాదాన్ని అని చెప్పుకుంటూ రావడం ఇదే మొదలు. సాస్‌లో తగిలే మంటని కూడా ఇన్నాళ్ళూ వెనిగర్ ఖాతాలోనే వేసింది. ఎంత సంతోషమేసిందంటే, ఆ మంట తగ్గిపోతోంటే బెంగపడి ఇంకో ముక్క తుంచుకుంది.

మరోరకం కాయ నమిలి చూసింది. పొట్టికాయ మంట వెంటనే పైకి లేచి వెంటనే చల్లారింది. పొడుగుకాయ మంట తాపీగా వచ్చి గొంతులో తిష్ట వేసుకుని కూర్చుంది. నాలుక బాగున్న రోజుల్లో ఈ తేడా ఎన్నడూ పట్టించుకోలేదు. అప్పుడు పట్టించుకోవడానికి ఇంకా చాలా ఉండేవి.

మర్నాడు పొద్దున్నే కోడల్ని కూరగాయలకి పంపేసి ఆవిడ నూనె పెట్టింది. ఆలోచన సరైనదే. మిరపకాయల్ని నూనెలో మెల్లిగా వెచ్చబెడితే కారమంతా నూనెలోకి దిగుతుంది. ఆ నూనె నాలుగు చుక్కలు సూప్ మీద వేస్తే పులుపుతో పనిలేకుండా పెదవి దగ్గర్నుంచి గొంతు దాకా మంట పట్టుకుంటుంది. రెండు రకాల కాయల్నీ దంచి పళ్ళెంలో పోసుకుంది. నూనె కాగిందో లేదో ఆవిడ ఎప్పుడూ వాసనతోనే చూసేది. మూకుడు మీదకి వంగి అలవాటుగా ముక్కు ఎగబీల్చింది. ఏ కబురూ రాలేదు. ఇంకాసేపు ఆగింది, ఇంకాసేపు ఆగింది. ఇక చాల్లే అనుకుని దంచిన కారమంతా ఒక్కసారి పోసేసింది.

నూనె బుసలు కొట్టింది. గదంతా పొగ. పెద్దమ్మకి దగ్గు తెర మీద తెర వచ్చింది, అయినా సంతోషంగానే దగ్గింది. ఇంత ఘాటుందంటే కారం బ్రహ్మాండంగా దిగినట్టే! స్టవ్ కట్టేసి, చెంచా కొసతో నూనె తీసి, చల్లార్చి, పెదవికి రాసుకుంది. మంట నిక్షేపంలా ఉంది.

"అత్తయ్యా! ఏం మాడుతోంది?" కోడలు కూరగాయల సంచీ గుమ్మంలోనే పడేసి, ముక్కుకి గుడ్డ అడ్డం పెట్టుకుని పరిగెత్తుకొచ్చింది.

"ఏదీ మాడలేదు. ఘాటు. అమోఘంగా వచ్చింది, చూడు."

కోడలు మూకుట్లోకి చూసింది. ఎర్రగా ఉండాల్సింది బొగ్గులా ఉంది. వేలికొసతో ఒక్క చుక్క నాలుక మీద పెట్టుకుని తొట్టి దగ్గరికి పరిగెత్తి ఉమ్మేసింది. నోరు పుక్కిలించి, ఒక ఎక్కిలి పెట్టి, అత్తగారి వైపు తిరిగింది.

"విషంలా ఉంది. ఈ చేదు మీకు తెలీట్లేదా?"

పెద్దమ్మ చెంచా తుడిచింది. తుడిచిన చెంచానే మళ్ళీ తుడిచింది.

"అత్తయ్యా, ఈ మాడువాసన మీకు రావట్లేదా?"

"రావట్లేదు!" అని అరిచింది పెద్దమ్మ. "వాసన రాదు, రుచి రాదు, ఏదీ రాదు. జ్వరం వచ్చిపోయిన దగ్గర్నుంచీ ఇంతే. ఇప్పుడు చాలా? చల్లగా ఉందా నీ కడుపు? ఇదిగో గరిటె, తీసుకో! నేను పోయి ఆ కుర్చీలో కూర్చుంటాను."

గరిటె బల్ల మీద పెట్టింది. పెట్టింది గానీ చెయ్యి మాత్రం తియ్యలేదు.

కోడలు నోరు తెరుచుకుని నిలబడింది. తర్వాత ఆ పిల్లకి కూడా కోపం వచ్చింది. "అంటే మీరు కావాలని చెయ్యలేదా? కాపరానికొచ్చిన కొత్తలో నాకు పులుపు పడదని చెప్పాను కదా. వానాకాలం నుంచీ ప్రతిదాంట్లో పులుపు గుమ్మరిస్తుంటే నన్ను సాధించడానికే చేస్తున్నారనుకున్నాను. ఎన్ని రోజులు ఏడ్చానో తెలుసా? మీ అబ్బాయితో వేరే వెళ్ళిపోదామని కూడా అన్నాను!"

"నిన్ను సాధించడానికి హోటలంతా పాడుచేసుకుంటానా, పిచ్చిమొహమా?"

"చేసుకుంటారు! మీ సంగతి నాకు తెలీదా?"

పెద్దమ్మ ఆలోచించింది. అంత పని చెయ్యగల మనిషే తను, కాదనడానికి లేదు. అది తోచేసరికి కోపం ఎటు పోయిందో పోయింది. ఒట్టి సిగ్గు మిగిలింది. "వేరే వెళ్దామంటే వాడేమన్నాడు?" అంది మెల్లిగా.

"మా అమ్మ సాధిస్తే నోటితో సాధిస్తుంది గానీ వంటతో సాధించదు అన్నారు." కోడలు కొంగుతో కళ్ళు తుడుచుకుని మాడిన నూనె పారబోసి మూకుడు కడిగింది. "మేస్త్రీ వచ్చే టైమవుతోంది. నాకు కారం చూడ్డం రాదు. మీకు మాడితే తెలీదు. ఇప్పుడేం చేద్దాం?"

ఏం చేస్తారు, మళ్ళీ కాయలు దంచుకుని ఇద్దరూ ఒకే మూకుడు మీదకి వంగారు. నూనె కాగింది. కోడలు స్టవ్ కట్టేయమంది. ఇంత తొందరగానా అని పెద్దమ్మ గొణిగింది. కాసేపు ఆగి కోడలు ఒక్క కారం పలుకు వేసి చూసింది. చిన్న బుడగలు చుట్టూ చేరాయి, పలుకు మాత్రం ఎర్రగానే తేలింది. "ఇప్పుడు పొయ్యండి," అంది. కారం నూనెలో పడి గుసగుసలాడింది. కోడలు కళ్ళు మూసుకుని వాసన పీల్చింది. ఆ మూసిన కళ్ళని చూస్తే పెద్దమ్మకి అసూయ పుట్టింది, ముఖం తిప్పుకుంది. తర్వాత నూనె చుక్క పెదవికి రాసుకుని, పొడుగుకాయ ఇంకాస్త పడాలంది. చాలు బాబోయ్ అంది కోడలు. పడాల్సిందే అంది పెద్దమ్మ. పడింది.

మేస్త్రీ వచ్చి కూర్చున్నాడు. వేడి సూప్ మీద ఎర్రటి నూనె తేలుతోంది. అతను తింటున్నంతసేపూ పెద్దమ్మ పక్కబల్లని తుడుస్తూనే ఉంది. ఆ బల్ల అద్దంలా తయారైంది.

"పులుపు లేదు," అన్నాడు మేస్త్రీ. పెద్దమ్మ ఊపిరి వదిలింది. "కారం ఇంకా కావాలి."

"ఇంకానా?" కోడలు కెవ్వుమంది. "అది మనుషులు తినేదేనా మేస్త్రీగారూ? కారం తప్ప ఇంకేం తెలుస్తుంది?"

మేస్త్రీ చెంచాతో గిన్నెలో గింజల్ని అటూ ఇటూ కదిపాడు. "ఏదీ తెలీదమ్మా. చిక్కుడుగింజలు, ఉల్లిపాయ, బంగాళదుంప. కంటికి కనబడుతున్నాయి కాబట్టి ఉన్నాయంటున్నాను. అలాంటి తొట్ల మీద కొన్నేళ్ళు వంగితే ముక్కు పోతుంది, దాంతోపాటే రుచీ పోతుంది. మావాళ్ళలో పాతవాళ్ళందరికీ ఇంతే. కారమొక్కటే తగులుతుంది. ఆ కాస్త మంట ఉంటే భోంచేశామని అనిపిస్తుంది. అందుకే అడిగేది." ఎండ ఎక్కువగా ఉందని చెప్పినంత మామూలుగా చెప్పాడు. "ఇంట్లో చెప్పలేదు. మా ఆవిడ ఏం పెట్టినా బాగుందనే అంటాను."

పెద్దమ్మ ఉలిక్కిపడి గల్లాపెట్టె వైపు చూసింది. భర్త మాడిన రొట్టెముక్కని హాయిగా నములుతున్నాడు. కాదులే, ఈయనకి రోగమేమీ లేదు, మంచితనమొక్కటే.

తుడిచే గుడ్డ వదిలేసి ఆవిడ మేస్త్రీ ఎదురుగా కూర్చుంది. తినేవాళ్ళ ముందు ఆవిడ కూర్చోవడం ఆ హోటలు పుట్టాక ఎవరూ చూడలేదు.

"కాఫీ తాగితే?" అంది.

"వేణ్ణీళ్ళు."

"పంచదార?"

"ఇసక."

"చల్లటి మంచినీళ్ళు మాత్రం బాగుంటాయి. కరకరలాడేవి బాగుంటాయి. అరటిపండు మాత్రం నోట్లో పెట్టలేం, ఏదో బంక తిన్నట్టుంటుంది."

మేస్త్రీ చెంచా కింద పెట్టాడు. "మీకూనా?"

"నాకూ."

పెద్దమ్మ చివాల్న లేచింది. "అమ్మాయ్! ఉల్లిపాయలు పలచగా తరిగి కరకరలాడేలా వేయించు. రొట్టె అంచులు గట్టిపడేదాకా కాల్చు. సూప్ ఇంకా పొగలు కక్కాలి. గింజలు మరీ మెత్తబడనివ్వకు, పంటి కింద తగలాలి. ఎవరికి వండుతున్నామో ఇప్పుడు తెలిసింది!" పొయ్యికీ బల్లకీ మధ్య ఆవిడ తిరిగిన తిరుగుడు చూసి భర్త కూడా నమలడం ఆపాడు.

ఎర్రనూనె రెట్టింపు వేసిన రెండో గిన్నె వచ్చింది. మేస్త్రీ తిన్నాడు. ముక్కు కారింది, నుదురు చెమర్చింది. వేయించిన ఉల్లిపాయ పంటి కింద పటపటలాడింది. గిన్నె అడుగు కనబడేదాకా తల ఎత్తలేదు. "రేపట్నుంచి పంపండి," అన్నాడు.

గెలిచిన మాటే అది. అయినా పెద్దమ్మకి కుదురు చిక్కలేదు. పొద్దున్నుంచీ లోపల తొలుస్తున్నది ఇంకా తొలుస్తూనే ఉంది.

"బాబూ, నాకు జ్వరంతో పోయింది. ఈ రుచి మళ్ళీ వస్తుందా?"

మేస్త్రీ అబద్ధం చెప్పలేకపోయాడు. "జ్వరంతో రుచి పోయినవాళ్ళలో కొంతమందికి వచ్చిందంటారు, పెద్దమ్మా. నాకైతే రాలేదు."

ఆవిడ తల ఊపింది. గిన్నెలో సూప్ పోసుకుని, ఎర్రనూనె వేసుకుని, అతని ఎదుటే కూర్చుంది. ఇంకో గిన్నెలో నూనె లేని సూప్ పోసి కోడలి ముందుకి తోసింది.

"తిని ఎలా ఉందో చెప్పు."

కోడలు తాగింది. "బాగుంది అత్తయ్యా."

"ఆ మాట మీ మామగారు చెప్తారు. ఎలా ఉందో చెప్పమన్నాను."

కోడలు ఇంకో చెంచా తాగి ఆలోచించింది. మాటల కోసం వెతుక్కుంది. "ముందు ఉల్లిపాయ వాసన వస్తోంది, ఎర్రగా వేగిన ఉల్లిపాయ, ఇంచుమించు బెల్లంలా. తర్వాత గింజలు. కమ్మగా, కొంచెం మట్టివాసనతో, వానలో తడిసిన పెరడులా. ఉప్పు సరిగ్గా ఉంది. మింగాక నాలుక మీద వెన్న రాసినట్టు ఏదో మిగులుతోంది. అది పోకముందే ఇంకో చెంచా తాగాలనిపిస్తోంది."

పెద్దమ్మ కళ్ళు మూసుకుని, పెదవులు మండుతుంటే, ఆ మాటలు వింటూ మింగింది. ఈసారి కళ్ళు మూసుకున్నది ఎవరో చూస్తారని కాదు. కళ్ళు తెరిచేసరికి మేస్త్రీ ఖాళీ గిన్నె ముందు పెట్టుకుని, చేతిలో చెంచాతో అలాగే కూర్చుని ఉన్నాడు.

"అమ్మా," అన్నాడు కోడలితో, "ఆ ఉల్లిపాయ సంగతి ఇంకోసారి చెప్పవా?"

పెద్దమ్మ లేచి అతని గిన్నెలో ఇంకో గరిటెడు పోసింది. కోడలు మొదట్నుంచి మళ్ళీ చెప్పింది.